స్కోప్‌ని నమ్మే ముందు: వేట రైఫిల్ స్కోప్ ఎంపిక, పరీక్ష, వారంటీ

నవంబర్ రెండో వారం. టెక్సస్ హిల్ కంట్రీలో ల్యానో దగ్గర ఒక ర్యాంచ్. పొద్దున ఏడు దాటింది. 90 గజాల దూరంలో ఆడ జింక ఒకటి ఎడమవైపు తల పెట్టి అడ్డంగా నిలబడింది. రైఫిల్ ఇసుక సంచి మీద కదలకుండా ఉంది, నా ఊపిరీ నెమ్మదిగానే ఉంది. స్కోప్‌లో, అంటే రైఫిల్ మీద బిగించే గురి దుర్భిణిలో, కనబడే క్రాస్‌హెయిర్ (అడ్డం, నిలువు గీతల గురి గుర్తు) జింక భుజం వెనకాల పెట్టి ట్రిగ్గర్ నొక్కాను. తూటా అక్కడ తగల్లేదు. బాగా వెనక్కి, పొట్టలో తగిలింది. జింక వీపు వంచుకుని పొదల్లోకి వెళ్ళిపోయింది. దాన్ని వెతికి పట్టుకోవడానికి నాలుగున్నర గంటలు పట్టింది. అంతసేపూ అది పడ్డ బాధకి కారణం నేనే.

ర్యాంచ్ యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం 100 గజాల్లో ఒక అట్టపెట్టె నిలబెట్టి, మూడు రౌండ్లు కాల్చమన్నాడు. మూడూ కుడివైపే పడ్డాయి, కానీ మూడు చోట్ల పడ్డాయి. ఒకదానికీ ఇంకోదానికీ నాలుగైదు అంగుళాల ఎడం. స్కోప్ పాడైందని అక్కడికక్కడే తేల్చేసి, ఇంటికొచ్చాక కంపెనీకి పంపించాను. ఐదు వారాలకి తిరిగొచ్చింది. డబ్బాలో ఒక చీటీ: "పరీక్షించాం, లోపమేదీ కనబడలేదు."

వాళ్ళు రాసింది నిజమే. మళ్ళీ బిగించబోతుంటే అసలు విషయం బయటపడింది. రైఫిల్ మీద బేస్‌ని (స్కోప్ కూర్చునే లోహపు పట్టీని) పట్టి ఉంచే ముందువైపు స్క్రూ నా వేళ్ళకే తిరిగింది. దుకాణంలో బిగించి ఇచ్చినదాన్ని నేను ఒక్కసారి కూడా చూసుకోలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, స్క్రూ తప్పుకి స్కోప్‌ని ఐదు వారాలు ఊరు తిప్పాను.

ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఒక వరుసలో పెట్టి రాస్తున్నాను. ఈమధ్య డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల మనవాళ్ళు కొందరు వేటకి వస్తున్నారు. కరీంనగర్ నుంచి వచ్చిన మా ఆఫీసు తమ్ముడు ఒకడు ఫోన్ చేసి, "అన్నా, ఏ కంపెనీ స్కోప్ తీసుకోవాలె? వారంటీ ఏది మంచిగుంటది?" అని అడిగాడు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. కాకపోతే వాటికంటే ముందు అడగాల్సినవి చాలా ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. ఇక్కడ రాసిందంతా అమెరికాలో చట్టప్రకారం లైసెన్స్ తీసుకుని వేటాడేవాళ్ళ కోసం. మనకి వింతగా అనిపించే సంగతి ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణ రాష్ట్ర జంతువు జింక. ఆ కృష్ణజింకలూ మన చుక్కల జింకలూ ఒకప్పుడు ఇక్కడికి దిగుమతై, టెక్సస్ ర్యాంచ్‌లలో వేలల్లో పెరిగాయి. దక్షిణ టెక్సస్‌లో నీల్‌గాయ్‌లు కూడా ఉన్నాయి. అక్కడ కాపాడాల్సిన జంతువుని ఇక్కడ వేటాడటం ఏమిటని మనసు పీకేవాళ్ళని నేను అర్థం చేసుకోగలను. వేటాడేవాళ్ళు మాత్రం శుభ్రంగా, ఒక్క తూటాతో పని పూర్తిచేసేలా సిద్ధపడి వెళ్ళాలి. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఫెడరల్ చట్టం ప్రకారం మీరు తుపాకీ దగ్గర పెట్టుకోవడానికే వీల్లేదు. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. లైసెన్స్ గడువు ఏ రోజు తీరుతుందో ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. సందేహం ఉంటే లాయర్‌ని అడగండి, స్నేహితుడిని కాదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా తప్పనిసరి.

అడుగు 1: మీ వేటకి ఎంత కావాలో తేల్చుకోండి

టెక్సస్‌లో జింకని కాల్చే దూరం ఎక్కువగా 150 గజాల లోపే. దానికి 3-9 రెట్లు పెద్దది చేసి చూపే, 40 మిల్లీమీటర్ల ముందు అద్దం ఉన్న స్కోప్ బాగా సరిపోతుంది. 25 రెట్లు చూపించే పెద్ద స్కోప్ బరువెక్కువ. లోపల కదిలే భాగాలు ఎక్కువ కాబట్టి పాడయ్యే చోట్లూ ఎక్కువే. మీరు టరెట్ (గురిని పైకీ కిందికీ, పక్కలకీ జరిపే గుండ్రటి మర) తిప్పి దూరానికి తగ్గట్టు డయల్ చేసే రకం కాకపోతే, టరెట్‌ల మీద మూతలున్నదే తీసుకోండి. బ్యాగులో రాసుకుని తిరిగిపోయిన టరెట్ వల్ల గురి తప్పినవాళ్ళని నేనే చూశాను.

బడ్జెట్ వేసుకునేటప్పుడు మొత్తం స్కోప్ మీదే పెట్టేయకండి. మంచి బేస్, రింగులు (స్కోప్‌ని బేస్‌కి పట్టి ఉంచేవి), టార్క్ స్క్రూడ్రైవర్ (ఎంత బలంతో బిగించామో కొలిచేది), పరీక్షకి కావాల్సిన నాలుగైదు పెట్టెల తూటాలు కూడా అందులోనే రావాలి. 400 డాలర్ల స్కోప్‌ని గట్టి రింగుల్లో పెట్టి 80 రౌండ్లు కాల్చి చూసుకున్నవాడు, 1,200 డాలర్ల స్కోప్‌ని నాసిరకం రింగుల్లో పెట్టి మూడు రౌండ్లతో సరిపెట్టుకున్నవాడికంటే ధైర్యంగా అడవిలోకి వెళ్ళొచ్చు.

అడుగు 2: సలహా ఇచ్చేవాళ్ళని ఈ ప్రశ్నలు అడగండి

స్కోప్ కంపెనీల మీద వేటగాళ్ళకి ఉండే అభిమానం మామూలుది కాదు. సినిమా హీరోల మీద మనకున్నంత ఉంటుంది. తాత వాడిన లూపోల్డ్‌నే మనవడూ వాడతాడు. వోర్టెక్స్ టోపీ పెట్టుకున్నాయన ఇంకో పేరు ఎత్తనివ్వడు. ఆ అభిమానం అబద్ధం కాదు, దాని వెనక అనుభవం ఉంది. అది ఏ రకం అనుభవమో తెలుసుకోవడమే మన పని.

"ఇరవై ఏళ్ళ నుంచీ వాడుతున్నా, ఒక్క సమస్య రాలేదు" అనేవాళ్ళని ఏడాదికి ఎన్ని రౌండ్లు కాలుస్తారో అడగండి. చాలామంది సీజన్ ముందు మూడు, సీజన్‌లో రెండు కాలుస్తారు. అంటే ఇరవై ఏళ్ళకి 100 రౌండ్లు. రేంజ్‌లో గట్టిగా కూర్చుంటే అది ఒక్క రోజు పని. ఆ స్కోప్ మంచిదే కావచ్చు, కానీ దానికి పరీక్ష ఎప్పుడూ ఎదురవలేదు.

టరెట్ తిప్పుతారా, లేక ఒకసారి జీరో చేసి (గురి పెట్టిన చోటే తూటా పడేలా సరిచేసి) వదిలేస్తారా అని అడగండి. తిప్పని స్కోప్ సరిగ్గా తిరుగుతుందో లేదో దాని యజమానికీ తెలియదు. రైఫిల్ ఎప్పుడైనా కింద పడిందా, పడ్డాక కాగితం మీద కాల్చి చూశారా అని కూడా అడగండి.

అన్నిటికంటే జాగ్రత్తగా వినాల్సిన మాట ఇంకొకటుంది: "సర్వీస్ అద్భుతం, మూడుసార్లు పంపాను, మూడుసార్లూ మారు మాట్లాడకుండా కొత్తది ఇచ్చారు." చెప్పే మనిషి నిజంగా సంతోషంగానే చెబుతాడు. మీరు మాత్రం ఆ వాక్యాన్ని రెండు ముక్కలు చేసి వినండి. సర్వీస్ బాగుందన్నది ఒక ముక్క, స్కోప్ మూడుసార్లు పాడైందన్నది రెండోది. మొదటిదాంతో మీ డబ్బు మీకు దక్కుతుంది. రెండోదాంతో మీ సీజన్ పోతుంది, దానితోపాటు పొదల్లో ఒక జంతువు గాయంతో మిగిలిపోవచ్చు. వారంటీ ఎంత గొప్పదైనా, వేట విషయంలో అది చేతులు కాలాక పట్టుకునే ఆకే.

అడుగు 3: వారంటీ కాగితం చదవండి

అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, రాతపూర్వకంగా ఇచ్చే వారంటీ "ఫుల్" అన్నదో "లిమిటెడ్" అన్నదో స్పష్టంగా చెప్పాలి. ముందు ఆ ఒక్క మాట వెతకండి. తర్వాత "లైఫ్‌టైమ్" అని ఉంటే, ఎవరి లైఫ్ అన్నది చూడండి. కొన్నవాడు బతికున్నంత కాలమా, వస్తువు వాడుకలో ఉన్నంత కాలమా, ఆ మోడల్ తయారీ నడిచినంత కాలమా? పదం ఒకటే, అర్థాలు వేరు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు కూడా అది ఎవరి జీవితకాలమో చెప్పమనే అంటాయి.

విస్కాన్సిన్‌లోని వోర్టెక్స్ ఇచ్చే వీఐపీ వారంటీకి రసీదు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, స్కోప్ ఎన్ని చేతులు మారినా వర్తిస్తుంది. పోయినా, దొంగలెత్తుకెళ్ళినా, కావాలని పగలగొట్టినా, పనితీరుకి అడ్డురాని గీతలు పడినా మాత్రం వర్తించదు. ఒరెగాన్‌లోని లూపోల్డ్ కూడా రైఫిల్ స్కోప్‌లకి మొదటి యజమాని ఎవరన్నది చూడకుండా జీవితకాల హామీ ఇస్తుంది. కొలరాడోలోని బరిస్ తనదాన్ని ఫరెవర్ వారంటీ అంటుంది. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళకి ఇలా చేతులు మారినా నిలిచే వారంటీ నిజంగా విలువైనది.

కాగితంలో ఇంకా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వెలిగే రెటికల్ (క్రాస్‌హెయిర్ గుర్తు) ఉంటే ఆ ఎలక్ట్రానిక్స్‌కి వేరే గడువు ఉందేమో చూడండి. రిపేరు చేస్తారో, మార్చి ఇస్తారో, మీ మోడల్ ఆగిపోయి ఉంటే దాని బదులు ఏమిస్తారో తెలుసుకోండి. పంపే ఖర్చు ఎవరిదన్నది కూడా.

కంపెనీయే లేకపోతే జీవితకాల వారంటీ ఏమవుతుంది? డెన్వర్‌లోని రెడ్‌ఫీల్డ్ ఒకప్పుడు అమెరికా వేటగాళ్ళ ఇళ్ళల్లో పెద్ద పేరు. 1998లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. తర్వాత ఆ పేరు చేతులు మారి, 2008లో లూపోల్డ్ కొనుక్కుంది. స్కోప్ మీద పేరు అదే, తయారుచేసేవాళ్ళు వేరు. పేరుని నమ్ముకుని తరతరాలు ఉండిపోయేవాళ్ళకి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆన్‌లైన్‌లో సగం ధరకే దొరికే పెద్ద బ్రాండ్ల విషయంలో జాగ్రత్త. నకిలీలు ఉన్నాయి, బయటికి అచ్చం అలాగే ఉంటాయి. వాటికి ఏ కంపెనీ వారంటీ ఇవ్వదు. సీరియల్ నంబర్ కంపెనీకి ఫోన్ చేసి చెప్పి, సరైనదేనని నిర్ధారించుకున్నాకే సెకండ్‌హ్యాండ్ డబ్బులు చెల్లించండి.

సంక్రాంతికి ఇంటికి వెళ్తూ, షూటింగ్ నేర్చుకుంటున్న బావమరిదికి స్కోప్ పట్టుకెళ్దాం అనుకుంటే ఆగండి. తుపాకీ స్కోప్‌లు అమెరికా వాణిజ్య శాఖ ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్నాయి. సూట్‌కేసులో పెట్టుకోవడం కూడా ఎగుమతి కిందికే వస్తుంది.

అడుగు 4: బిగించడం మీ చేత్తో చేయండి, కనీసం మీ కళ్ళముందు చేయించండి

స్కోప్ లోపాలుగా కనబడేవాటిలో చాలా వాటికి మూలం ఇక్కడే. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుదాం.

రైఫిల్ ఖాళీగా ఉందని ముందు కళ్ళతో, తర్వాత వేలితో చూసుకోండి. రైఫిల్ బోల్ట్ (తూటాని లోపలికి నెట్టి మూసే కడ్డీ) తీసి పక్కన పెట్టండి. బేస్ స్క్రూలు తీసి, వాటి మరలూ రంధ్రాల్లోని మరలూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నూనె అక్కడ ఉంటుంది, అదుంటే ఏ స్క్రూ నిలవదు. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్ల రంధ్రంలో తిప్పి తీస్తే నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా చేయండి. తర్వాత ప్రతి స్క్రూకి ఒక చుక్క నీలిరంగు థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) వేసి, బేస్ తయారీదారు చెప్పిన టార్క్‌కి బిగించండి. ముందు వైపు స్క్రూ మరీ పొడవుగా ఉంటే బ్యారెల్ మరలకి గుచ్చుకుంటుంది. అప్పుడు డ్రైవర్‌కి గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుంది, బేస్ మాత్రం వదులుగానే ఉంటుంది. నాకు జరిగింది ఇదే. ఒక్కో స్క్రూనే బిగించి, బేస్‌ని చేత్తో ఊపి చూస్తే తెలిసిపోతుంది.

రింగుల్ని బేస్ గాడిలో పెట్టి ముందుకి నెట్టి పట్టుకుని బిగించండి. తూటా పేలినప్పుడు రైఫిల్ వెనక్కి వస్తుంది. స్కోప్ బరువు కదలకుండా ఉండాలని చూస్తుంది, కాబట్టి రైఫిల్‌తో పోలిస్తే అది ముందుకి జారబోతుంది. రింగు ముందే గాడి అంచుకి ఆనుకుని ఉంటే జారడానికి చోటుండదు.

తర్వాత స్కోప్‌ని రింగుల్లో పెట్టి, భుజానికి ఆనించి, కళ్ళు మూసుకుని తెరవండి. తెరిచిన క్షణంలో పూర్తి చిత్రం కనబడాలి, చుట్టూ నల్లని నీడ ఉండకూడదు. చలికోటు వేసుకునే ఇది చూడండి, కోటు మందం వల్ల అర అంగుళం తేడా వస్తుంది. రెటికల్ నిలువుగీత సరిగ్గా నిలువుగా ఉందో లేదో దారానికి బరువు కట్టి వేలాడదీసి పోల్చుకోండి. రింగుల పైమూత స్క్రూల్ని ఒకదాన్నే పూర్తిగా బిగించేయకుండా, ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించండి. సాధారణంగా 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు చాలు. రింగుల డబ్బా మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ఇక్కడ ఎక్కువ బలం వాడితే స్కోప్ గొట్టం నొక్కుకుని లోపలి యంత్రాంగం పట్టేస్తుంది. ఆ లోపానికి కంపెనీని నిందించలేం.

చివరగా తెల్ల పెయింట్ పెన్నుతో ప్రతి స్క్రూ తల మీద నుంచి పక్క లోహం మీదికి ఒక సన్నని గీత గీయండి. స్క్రూ కదిలితే గీత విరుగుతుంది. ఆ గీత నా రైఫిల్ మీద ఆ రోజు ఉండి ఉంటే, ట్రక్ దిగగానే కనబడేది.

అడుగు 5: పరీక్షించండి

దుకాణం వెనక్కి తీసుకునే గడువు లోపలే ఇదంతా పూర్తిచేయండి. రింగుల మచ్చ పడితే వెనక్కి తీసుకోని దుకాణాలున్నాయి కాబట్టి కొనేముందే అడగండి.

మొదటి పరీక్ష బిగించకముందే, వంటింట్లో. బ్యాటరీ ఉంటే తీసేసి, స్కోప్‌ని రెండు గంటలు ఫ్రీజర్‌లో ఉంచి బయటికి తీయండి. అద్దం పైన మంచు పట్టడం సహజం, తుడిస్తే పోతుంది. తుడిచాక కూడా లోపలి వైపు పొగలా కనబడితే, సీల్ పోయి లోపలి పొడి వాయువు బయటికి వెళ్ళి తేమ చేరిందని అర్థం. నేరుగా దుకాణానికి తిరిగిచ్చేయండి.

తర్వాత రేంజ్. 100 గజాల్లో జీరో చేసేటప్పుడు మూడు రౌండ్లకే టరెట్ తిప్పకండి. మూడు తూటాల గుంపు మధ్యబిందువు ప్రతిసారీ కాస్త అటూ ఇటూ పడుతుంది. దాన్ని వెంటాడుతూ క్లిక్‌లు తిప్పుతుంటే రోజంతా గడిచినా జీరో దొరకదు. దగ్గరికి వచ్చాక పది రౌండ్లు ఒకే గురికి కాల్చి, ఆ పదింటి మధ్యని చూసి సరిచేయండి. బ్యారెల్ వేడెక్కకుండా మధ్యలో ఆగుతూ కాల్చండి.

టరెట్ తిప్పేవాళ్ళకి పెట్టె పరీక్ష ముఖ్యం. గురి మాత్రం మార్చకుండా రెండు రౌండ్లు కాల్చండి. 32 క్లిక్‌లు పైకి తిప్పి రెండు, 32 కుడికి తిప్పి రెండు, 32 కిందికి తిప్పి రెండు, 32 ఎడమకి తిప్పి మళ్ళీ రెండు కాల్చండి. పావు ఎంఓఏ (గురి జరిగే కోణానికి కొలత, 100 గజాల్లో ఒక ఎంఓఏ సుమారు ఒక అంగుళం) క్లిక్‌లైతే కాగితం మీద సుమారు 8.4 అంగుళాల చదరం రావాలి, చివరి రెండూ మొదటి రెండింటి దగ్గరే పడాలి. అవి తిరిగి అక్కడికి రాకపోతే ఆ స్కోప్‌ని వేటకి తీసుకెళ్ళకండి.

ఎత్తు పరీక్షకి కాగితం పొడవుగా కావాలి. దూరం టేపుతో కొలిచి సరిగ్గా 100 గజాలు పెట్టుకోండి. కాగితం మీద నిలువుగీత గీసి, 20 ఎంఓఏ పైకి తిప్పి, కింది గురినే చూస్తూ కాల్చండి. 100 గజాల్లో ఒక ఎంఓఏ 1.047 అంగుళాలు కాబట్టి గుంపు 20.9 అంగుళాలు పైకి వెళ్ళాలి. 20 దగ్గరే ఆగితే ఆ స్కోప్ నాలుగున్నర శాతం తక్కువ తిరుగుతోందని అర్థం. 400 గజాలకి 10 ఎంఓఏ తిప్పేవాడికి అది దాదాపు రెండంగుళాల తేడా. 150 గజాల లోపే కాల్చేవాళ్ళు ఈ పరీక్ష వదిలేసినా నష్టం లేదు.

ఆఖరిది కుదుపు పరీక్ష. రైఫిల్‌ని కేసులో పెట్టి ట్రక్ వెనక వేసి, ఒక వారం మామూలుగా తిరగండి. మళ్ళీ రేంజ్‌కి వెళ్ళి మొదటి తూటా ఎక్కడ పడుతుందో చూడండి. కొందరు ఖాళీ రైఫిల్‌ని చాప మీద 18 అంగుళాల ఎత్తు నుంచి, తర్వాత 36 అంగుళాల నుంచి స్కోప్ వైపు పడేలా కావాలనే పడేసి, జీరో నిలిచిందా అని చూస్తారు. నాకు అంత ధైర్యం లేదు, అందరికీ అది అవసరమనీ అనుకోను. అయితే వాళ్ళు అడిగే ప్రశ్న మాత్రం సరైనదే: అద్దం ఎంత మెరుస్తోందని కాదు, దెబ్బ తగిలాక గురి నిలిచిందా అని.

అడుగు 6: గురి తప్పితే ముందు దోషి ఎవరో తేల్చండి

తూటాలు దగ్గర దగ్గరగా పడుతూ, గుంపు మొత్తం పక్కకి జరిగితే ఎక్కడో ఒక వస్తువు కదిలి కొత్తచోట నిలబడిందన్నమాట. నాకు పడ్డట్టు చెల్లాచెదురుగా పడితే ఏదో వదులుగా ఊగుతోందన్నమాట. ఆ అట్టపెట్టె ఆ సాయంత్రమే నాకీ సంగతి చెప్పింది, చదవడం నాకే రాలేదు.

ఈ వరుసలో చూడండి. ముందు పెయింట్ గీతలు, తర్వాత బేస్, రింగుల టార్క్. తర్వాత రైఫిల్ లోహభాగాన్ని పిడి చెక్కకి బిగించే యాక్షన్ స్క్రూలు. తర్వాత తూటాలు: కొత్త పెట్టె తెరిచారా, లాట్ నంబర్ (తయారీ విడత సంఖ్య) మారిందా? తర్వాత మీరు: ఇంకో మంచి షూటర్ చేత కాల్పించండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే, గట్టిదని మీకు నమ్మకమున్న ఇంకో స్కోప్‌ని అదే బేస్ మీద పెట్టి పది రౌండ్లు కాల్చండి. అది నిలిస్తే మీ స్కోప్‌దే తప్పు. అదీ నిలవకపోతే స్కోప్‌ని పంపకండి, రైఫిల్‌ని గన్‌స్మిత్ (తుపాకుల మెకానిక్) దగ్గరికి తీసుకెళ్ళండి.

అడుగు 7: సర్వీస్‌కి పంపే పద్ధతి

సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలైతే, అక్టోబర్‌లో పంపకండి. అందరూ అప్పుడే పంపుతారు. సీజన్ ముగిసిన జనవరిలోనే పరీక్షించి, ఫిబ్రవరిలో పంపండి.

ముందుగా కంపెనీకి ఫోన్ చేసో, వాళ్ళ సైట్‌లో ఫారం నింపో సర్వీస్ నంబర్ తీసుకోండి. రింగులు, మూతలు, బ్యాటరీ తీసేయండి. వాళ్ళు అడిగితే తప్ప అవి తిరిగి వస్తాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. సీరియల్ నంబర్ కనబడేలా ఫోటోలు తీయండి. డబ్బాలో ఒక కాగితం పెట్టండి. అందులో "పని చేయట్లేదు" అని రాస్తే ఉపయోగం లేదు. నేను మొదటిసారి రాసింది అదే. ఇలా రాయండి: "100 గజాల్లో 32 క్లిక్‌లు కుడికి తిప్పితే 8.4 అంగుళాలు వెళ్ళాలి, 6 మాత్రమే వెళ్ళింది. తిరిగి తిప్పితే మొదటి చోటికి రాలేదు. రెండు వేర్వేరు రింగుల్లో ఇలాగే జరిగింది. ఇదే రైఫిల్ మీద ఇంకో స్కోప్ నిలిచింది." దానితో టార్గెట్ ఫోటో జతచేయండి. బల్ల దగ్గర కూర్చున్న టెక్నీషియన్‌కి ఏం వెతకాలో ఇప్పుడు తెలుస్తుంది. ఇన్సూరెన్స్‌తో, ట్రాకింగ్‌తో పంపండి.

తిరిగొచ్చాక రిపేరైన స్కోప్‌నీ మార్చి ఇచ్చిన స్కోప్‌నీ కొత్త స్కోప్‌లాగే చూడండి. అడుగు 4 నుంచి మళ్ళీ మొదలు. డబ్బా విప్పి, బిగించి, రెండు రౌండ్లు కాల్చి సరేననుకోవడం నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టే అవుతుంది. అదే మోడల్ రెండోసారీ అదే రకంగా పాడైతే, కంపెనీ ఎంత మర్యాదగా మాట్లాడినా ఆ మోడల్‌ని వదిలేయండి. ఆ కంపెనీలోనే ఇంకో గట్టి మోడల్‌కి పై డబ్బు కట్టి మార్చుకునే వీలుందేమో అడగండి, కొన్నిసార్లు ఒప్పుకుంటారు.

స్కోప్ సర్వీస్‌లో ఉన్న వారాల్లో చేయి ఖాళీగా ఉండకూడదంటే ఒక అదనపు స్కోప్ ఉండాలి. సాదా 6 రెట్ల స్థిర స్కోప్ ఒకటి రింగులతో సహా జీరో చేసి, ఎన్ని క్లిక్‌ల దగ్గర జీరో అయిందో టేపు మీద రాసి అంటించి ఉంచుకోండి. దూరప్రాంతపు వేటకి వెళ్తే నేను అది సంచిలో పెట్టుకుంటాను.

అడుగు 8: అభిమానం దేని మీద పెట్టుకోవాలి

లూపోల్డ్ కంపెనీ తన పుట్టుక గురించి చెప్పుకునే కథ ఒకటుంది. యజమానుల కుటుంబంలోని మార్కస్ లూపోల్డ్ ఒరెగాన్‌లో జింక వేటకి వెళ్ళాడట. స్కోప్ లోపల తేమ పట్టి జింక చేజారిందట. ఇంతకంటే మంచిది నేనే చేయగలనని అప్పటిదాకా సర్వే పరికరాలు చేస్తున్న కంపెనీని స్కోప్‌ల వైపు తిప్పాడట. వాళ్ళ మొదటి రైఫిల్ స్కోప్ 1947లో వచ్చింది. లోపల నైట్రోజన్ నింపి తేమని బయట ఉంచే పద్ధతిని జనంలోకి తెచ్చినవాళ్ళలో ఆ కంపెనీ ఒకటి. నాకు ఈ కథ ఇష్టం. ఎందుకంటే అక్కడ అభిమానం వారంటీ కార్డులోంచి పుట్టలేదు, చేజారిన జింక దగ్గర పుట్టింది.

అలాంటి అభిమానం నిలబడాలంటే దాన్ని సరైన చోట పెట్టుకోవాలి. ఒకే బ్రాండ్ కింద చైనాలో, ఫిలిప్పీన్స్‌లో, జపాన్‌లో తయారైన స్కోప్‌లు ఉంటాయి. ధరలో ఐదు రెట్ల తేడా ఉంటుంది. పైమోడల్ గట్టితనాన్ని చూసి కింది మోడల్ కొనేవాళ్ళు పేరుకి డబ్బు కడుతున్నారు. అందుకే ఎవరైనా అడిగితే నేను కంపెనీ పేరు చెప్పను. మోడల్ పేరు, కొన్న ఏడాది, నేను కాల్చిన రౌండ్ల సంఖ్య చెబుతాను. ఆ తమ్ముడికీ అలాగే చెప్పాను.

అడుగు 9: వేటలో

ర్యాంచ్‌కి చేరగానే, బ్లైండ్‌లో (దాక్కుని కూర్చునే మాటులో) కూర్చోకముందే, యజమాని అనుమతితో ఒక తూటా కాగితం మీద కాల్చండి. వేటాడబోయే దూరంలో, వేటాడబోయే తూటాతోనే. రైఫిల్ జారిపడినా, ఫెన్స్‌కి గట్టిగా తగిలినా ఆ రోజుకి వేట ఆపి మళ్ళీ కాగితం దగ్గరికి వెళ్ళాలి. జింక ఎదురుగా నిలబడి ఉన్నా సరే. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం. 

ఒక చిన్న నోట్‌బుక్ రైఫిల్ కేసులోనే ఉంచండి. తేదీ, దూరం, తూటా లాట్ నంబర్, రౌండ్ల సంఖ్య, గుంపు ఎక్కడ పడింది, ఏ స్క్రూ ఎంత టార్క్, స్కోప్ ఎప్పుడు పంపారు, ఎప్పుడు వచ్చింది అన్నీ అందులో రాయండి. నా పుస్తకంలో మొదటి పేజీ ఆ నవంబర్‌ది. "90 గజాలు, ఆడ జింక, ఎడమవైపు తల, 4.5 గంటలు" అని రాసి ఉంది. కింద ఇంకో పెన్నుతో, రెండు నెలల తర్వాత రాసిన వాక్యం: "బేస్ ముందు స్క్రూ."